గుమ్మాలకు పూసిన సున్నం

నాకు చీదర ఎక్కువ. చిన్నప్పుడు మా ఇంట్లో దాన్ని ఒక జబ్బులాగే చూసేవారు. మా అమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి వార్డులో ఆయాగా పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు ఎంత తోముకున్నా, ఆ చేతులతో కలిపిన ముద్ద నా గొంతు దిగేది కాదు. "దేవుడు నీకు ముక్కు ఒగటి పెట్టి, మిగతావన్నీ మర్సిపోయినాడు" అనేది. అలాంటిదాన్ని సోషల్ వర్క్ చదివి, పల్లెల్లో మరుగుదొడ్లు, బావులు, గజ్జి, విరేచనాల చుట్టూ తిరిగే ఉద్యోగాల్లో చేరాను. అమ్మ నవ్వింది.

కొన్నేళ్ళ క్రితం బెంగళూరు నుంచి ఒక పరిశోధక బృందం మా ప్రాంతానికి వచ్చింది. చుట్టుపక్కల గాలి, నీరు, నేల మనుషుల ఒంటిని ఎలా మారుస్తున్నాయో పల్లె జనానికి తరతరాలుగా తెలిసిన సంగతులు ఉంటాయి, వాటిని జనంతోనే కలిసి సేకరించి పరిశోధన చేస్తాం అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. పుంగనూరు దాటాక రోడ్డుకు దూరంగా ఉన్న ఒక ఊరికి నన్ను క్షేత్ర కార్యకర్తగా వేశారు. ఊరివాళ్ళతో మాట్లాడటం, వాళ్ళు చెప్పింది రాసి పంపడం, పరిశోధక పెద్దలు వచ్చినప్పుడు ఇద్దరి మధ్యా మాటలు అనువదించి చెప్పడం నా పని.

మామిడి కాలం అది. క్రాసు రోడ్డులో బస్సు దిగి మట్టిదారి పట్టగానే ముందు తీపి వాసన వచ్చింది. తలుపులు మూసిన గదిలో పనసపండు మగ్గితే వచ్చే వాసనలాంటిది. కాస్త దూరం నడిచాక అది పులిసింది. ఊరి పక్క వాగును అక్కడ వంక అంటారు, దాని దగ్గరికి వచ్చేసరికి చచ్చిన ఎలుక కంపయింది. నేను చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంకలోకి చూశాను. నీళ్ళు కాఫీ డికాషన్ రంగులో ఉన్నాయి. పైన పాలమీగడలాగా ఒక తెట్టు కట్టి ఉంది. దాని కింద నుంచి బుడగలు వచ్చి పగులుతున్నాయి. గట్టు పొడుగునా మామిడి టెంకలు, తొక్కలు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మీద ఈగలు నల్లటి దుప్పటి కప్పినట్టు ఉన్నాయి. ఒక టెంక కదిలినట్టనిపించి వంగి చూశాను. లోపల తెల్లటి పురుగులు. గట్టు మీదే కక్కేశాను.

"అట్లే అవుతాదిమ్మా కొత్తోళ్ళకి. నీళ్ళు తాగు, ఇవి కొళాయి నీళ్ళులే" అని వెనక నుంచి ఒకామె చెంబు అందించింది.

యాభై దాటిన మనిషి. కింది వీధిలో ఉండేది. ఎనుములు, అంటే గేదెలు, పెట్టుకుని పాలు పోసి బతికేది, అందరికీ పాలామె. ఆ ఊళ్ళో నాకు మొదట పరిచయమైనదీ, చివరిదాకా తోడున్నదీ ఆమే. నేను నోరు కడుక్కుంటూ ఆమె కాళ్ళు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని, పగిలి, లోపలి ఎర్రదనం కనిపిస్తోంది. మోచేతుల కింద గోక్కుని గోక్కుని పొక్కులు కట్టాయి.

"ఇదెప్పటినుంచి?" అన్నాను.

"ప్రతి ఏడూ ఫ్యాక్టరీలో కాయలు ఆడేటప్పుడు వస్తాది. వానలు నిండా పడి వంక పారితే తగ్గిపోతాది. ఎనుముల పొదుగుకీ వస్తాండాది. సూడు, వంకలోకి ఎనుము దిగనే దిగదు. గడ్డి సూపించి పిలిసినా దిగదు. దానికుండే బుద్ధి మనిసికి లేదమ్మా. మేము ఆ బాయి నీళ్ళే మోసుకుంటాండాము."

ఊరికి ఎగువన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉంది. కాయలు కడిగిన నీళ్ళు, యంత్రాలు కడిగిన నీళ్ళు, అడుగున మిగిలిన మడ్డి మొత్తం వంకలోకి వదిలేవారు. వంక గట్టునే కింది వీధివాళ్ళ బావి. పంచాయతీ కొళాయి నీళ్ళు తాగడానికీ వంటకీ సరిపోతాయి. స్నానాలకూ బట్టలకూ గొడ్లకూ ఆ బావే దిక్కు. తోడిన నీళ్ళలో కూడా అదే పులుపు వాసన.

ఆ రోజే పై వీధికి వెళ్ళాను. అక్కడ తోటలున్న రైతుల ఇళ్ళు. వాళ్ళలో పెద్ద తోట ఉన్నాయన అరుగు మీద కుర్చీ వేయించి మర్యాదగా కూర్చోబెట్టాడు. లోపలి నుంచి కోడలు స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది.

"మదనపల్లెలో యాడమ్మా మీది?" అని అడిగాడు.

మిషన్ కాంపౌండు పక్కన అని చెప్పాను. ఆయన కోడలి వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె నా ముందున్న గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళి, అదే కాఫీని పేపరు కప్పులో పోసుకుని వచ్చింది. ఇస్తున్నప్పుడు తల ఎత్తలేదు. ఆ కాఫీ నేను తాగలేదు. పొద్దున వంక గట్టు మీద పుట్టిన రోతకూ ఈ రోతకూ నాకు పెద్ద తేడా తెలియలేదు, రెండూ పొట్టలోంచే వచ్చాయి.

దురదల సంగతి అడిగితే ఆయన చేత్తో ఊరి చివర పందులు పెంచేవాళ్ళుండే కాలనీ వైపు చూపించాడు. "ఆ పందుల్ని జూస్తివా? పొద్దస్తమానం బాయి సుట్టూ దొర్లుతాండాయి. ఇంగ గజ్జి రాకుండా ఏమొస్తాది?"

"ఫ్యాక్టరీ నీళ్ళ వల్లంటున్నారు కింది వీధివాళ్ళు."

"అనేదానికేముండాది? ఫ్యాక్టరీ మూసేస్తే నా కాయలు నువ్వు కొంటావా తల్లీ? ధర లేక ట్రాక్టర్లతో తెచ్చి రోడ్డు పక్కన పారబోసిన ఏడాది సూసినావా? నేను సూసినా. అప్పుడు మా ఇంట్లో పొయ్యి కూడా రగల్లేదు."

అందులో అబద్ధం లేదు. ఆ పారబోసిన కాయల మీదుగా బస్సులు పోవడం నేనూ చూశాను. అందుకే ఆయన్ని పూర్తిగా అసహ్యించుకోవడం కూడా కుదరలేదు.

నేను రాసి పంపినవి చదివి, పరిశోధనకు పెద్దగా ఉన్న మేడమ్ బెంగళూరు నుంచి ఊరికి వచ్చింది. చేనేత చీర, నెమ్మదైన గొంతు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. కింది వీధి ఆడవాళ్ళను ఒక్కొక్కరినే దగ్గరికి తీసుకుని కౌగిలించుకుంది. అందరూ మురిసిపోయారు. బడి వరండాలో కూర్చోబెట్టి, "మీ అవ్వలు దురదకు ఏ ఆకు రాసేవాళ్ళు? మీకు తెలిసింది మాకు నేర్పండి" అని అడిగింది.

"యాపాకు, పసుపు నూరి పూస్తాము" అని ఎవరో అన్నారు. "తంగేడాకు" అన్నారు ఇంకొకరు. ఒకామె మోటారుకు పోసే నల్ల ఆయిలు రాస్తే మంట తగ్గుతుందంది. మేడమ్ ముఖం కొంచెం ముడుచుకుంది.

అప్పుడు పాలామె లేచింది. "ఆకులు శానా ఉండాయి తల్లీ. పొద్దున పూస్తాము, మళ్ళా అవే నీళ్ళు పోసుకుంటాము. మందు మాకు తెలుసు. నీళ్ళు నిలపడం తెలీదు. అదేమన్నా మీకు తెలిస్తే సెప్పండి."

మేడమ్ నా వైపు తిరిగి, ఇంగ్లీషులో, అది మన ప్రాజెక్టు పరిధిలోకి రాదని చెప్పింది. ఈ మాట వాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు. "పై వాళ్ళతో మాట్లాడతారంట" అని కూడా చెప్పలేను, ఎందుకంటే ఆమె అలా అనలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను. "మరి ఎవురి పరిధిలో ఉండాది?" అని పాలామె అడిగింది. తిరిగి వెళ్ళేటప్పుడు కారులో కూర్చోగానే మేడమ్ చేతులకు శానిటైజర్ రాసుకుంది, మోచేతుల దాకా.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఊళ్ళో గొడవ జరిగింది. తోటాయన మనుషులు బావి దగ్గర ఒక పందిని రాళ్ళతో కొట్టి చంపి వంకలో పడేశారు. దాన్ని తీయమంటే కాలనీవాళ్ళు, "చంపినోళ్ళే తియ్యల్ల" అన్నారు. పై వీధివాళ్ళు, "ఎవురి పంది వాళ్ళే తీసుకోవాల" అన్నారు. పంది అక్కడే ఉబ్బింది. కాళ్ళు పైకి లేచి నిలబడ్డాయి. నేను వెళ్ళేసరికి పొట్ట పగిలిపోయి ఉంది. చివరికి పాలామె, పందులు పెంచే ఇంటామె, ఇద్దరూ మూతికి గుడ్డలు కట్టుకుని దాన్ని తాడుతో లాగి పూడ్చారు. మగవాళ్ళు గట్టు మీద నిలబడి ఎక్కడ పూడ్చాలో సలహాలు చెప్పారు. ఆ సలహాలు చెప్పే నోళ్ళను చూస్తే పందికన్నా రోత పుట్టింది నాకు.

పూడ్చి వచ్చి చేతులు కడుక్కుంటూ పాలామె అంది: "పందుల్తోనే గజ్జి వస్తే, పందులోళ్ళ ఇంట్లో ముందు గోక్కోవాల గదా? వాళ్ళు గోక్కోవడం నేనైతే సూళ్ళేదు. నోటిమాటతో యాల కొట్టుకునేది? ఇంటింటికీ పోయి సూద్దాం పాండి."

ఎలా చూడాలన్నది కూడా ఆమే చెప్పింది. పూర్వం ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారు. దారిన పోయేవాళ్ళకు ఆ ఇంట్లో రోగం ఉందని తెలియడానికి. "ఇదీ అట్లే. గోక్కునేవాళ్ళు ఎంతమంది ఉంటే గుమ్మానికి అన్ని సున్నం బొట్లు. వంక బాయి నీళ్ళు వాడే ఇంటికి కింద ఒక ఎర్రమన్ను గీత. ఎవురూ ఎవురికీ సెప్పే పని లేదు. వీధి సూస్తే తెలిసిపోతాది."

ఊరంతా ఒప్పుకోలేదు. మంచి గుమ్మానికి రోగం బొట్టా అని ఒక ముసలమ్మ శాపనార్థాలు పెట్టింది. పెళ్ళికి ఎదిగిన కూతురున్న ఇంట్లో తలుపు వేసుకున్నారు. "బొట్టు సూస్తే సంబంధాలొస్తాయా?" అన్నారు లోపలి నుంచి. వాళ్ళను ఎవరూ బలవంతం చేయలేదు. మిగతావాళ్ళు ఒక ఉదయం సున్నం తట్ట, ఎర్రమన్ను కలిపిన బొచ్చె పట్టుకుని బయల్దేరారు. నేనూ వాళ్ళతోనే తిరిగాను. ప్రతి ఇంట్లో చేతులు చాపించి, కాళ్ళు చూసి, పిల్లల వీపులు చూసి వేలితో బొట్టు పెట్టారు. చీము కారే పుండ్లు చూశాను. పాలిచ్చే తల్లి రొమ్ము చుట్టూ పొక్కులు చూశాను. అన్నం తినబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి వీధి తయారైంది. కింది వీధిలో తలుపు తెరిచిన ఇళ్ళన్నిటికీ దాదాపుగా తెలుపూ ఎరుపూ కలిసే ఉన్నాయి. కాలనీలో పందులు పెంచేవాళ్ళ గుమ్మాలు ఖాళీ. వాళ్ళకు మిట్ట మీద చేతిపంపు ఉంది, వంక బావి దగ్గరికి వాళ్ళను ఎప్పుడూ రానిచ్చింది లేదు. ఆ రానివ్వకపోవడమే వాళ్ళ ఒంటిని కాపాడిందని తెలిసి పందులామె పగలబడి నవ్వింది. మిగతా ఎవరికీ నవ్వు రాలేదు.

లెక్కకు కుదరని ఇల్లు ఒకటి ఉంది. దానికి సున్నం బొట్లు ఉన్నాయి గానీ ఎర్రగీత లేదు. వాళ్ళు బావి నీళ్ళు ముట్టరు. "సూస్తివా, నీళ్ళు కాదు" అని తోటాయన మనిషి ఎగతాళి చేశాడు. పాలామె మొండికి పోలేదు. "ఇదేందో కనుక్కోవాల్సిందే" అంది. ఆ ఇంటి అమ్మాయిని నేను మదనపల్లె తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాను. ఆ పిల్ల ఉండే హాస్టల్ నుంచి అంటుకున్న మామూలు గజ్జి అది. వేరే మందు ఇచ్చారు, తగ్గింది. ఆ ఇంటి బొట్లు తుడిచేశారు. నేను చదువుకున్న చదువులో దీన్నే పరిశోధన అంటారు.

బొట్లు పెట్టిన రోజు సాయంత్రమే ఇంకో సంగతి జరిగింది. తోటాయన కోడలు, నాకు పేపరు కప్పులో కాఫీ ఇచ్చినామె, ఇంట్లోంచి బయటికి వచ్చి పాలామె చేతిలోని తట్ట అడిగి తీసుకుంది. వాళ్ళ గుమ్మానికి తనే బొట్లు పెట్టింది. తనకొకటి, తన బిడ్డకొకటి. కింద ఎర్రగీత గీసింది. వాళ్ళ ఇంటి సిమెంటు తొట్టిలోకి నీళ్ళు వచ్చేది వంక పక్క చేని బావి నుంచే. గాజులు పైకి జరిపి చూపించింది. మణికట్టు చుట్టూ కంకణం కట్టినట్టు పుండు.

తోటాయన లోపలి నుంచి వచ్చి, తలగుడ్డ విప్పి దాంతో ఆ బొట్లు తుడిచేశాడు. మరుసటి రోజు మళ్ళీ బొట్లున్నాయి. ఆయన మళ్ళీ తుడిచాడు. అలా కొన్నాళ్ళు నడిచి, ఒక రోజు నుంచి తుడవడం మానేశాడు.

నేను ప్రతి గుమ్మానికీ ఫోటో తీశాను. ఏ బొట్టు ఏమిటో, ఏ గీత ఏమిటో వివరంగా రాసి మేడమ్‌కు పంపాను. అద్భుతం అని జవాబు వచ్చింది. ఆ మాట పాలామెకు చదివి వినిపిస్తే, "అయితే నీళ్ళు నిలిపేస్తారా?" అంది.

మరుసటి మామిడి కాలం మొదలయ్యేలోపు కుప్పంలో పెద్ద సభ పెట్టారు. పరిశోధన పుస్తకం విడుదల. ఊరి నుంచి ఆడవాళ్ళను తీసుకురమ్మని కబురు. పాలామె, తోటాయన కోడలు, ఇంకొందరు మంచి చీరలు కట్టుకుని బయల్దేరారు. పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా బస్సులో పోతూ సభలో ఎవరేం చెప్పాలో మాట్లాడుకున్నారు. కోడలు మామకు ఏం చెప్పి వచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అద్దెకు తీసుకున్న కల్యాణమండపం అది. గుమ్మం దగ్గరే నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద పుస్తకం అట్ట బొమ్మ. పాలామె దాన్ని చూసి ఆగిపోయింది.

"ఇది నా వాకిలి!" అంది. ముఖం వెలిగిపోయింది. నిజమే, ఆమె గుమ్మమే. సున్నం బొట్లు, కింద ఎర్రగీత. అంత పెద్దగా వేస్తే చాలా అందంగా ఉంది. "కింద ఏం రాసినారు, సదువు" అంది కోడలితో.

కోడలు చదివింది. ఈ ప్రాంతపు మహిళలు తమ గడపలను సున్నంతో, ఎర్రమన్నుతో అలంకరించి కుటుంబ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తారని, ఇది తరతరాల సంప్రదాయ కళ అని ఉంది.

పాలామె ఫ్లెక్సీ మీది ఎర్రగీత మీద వేలు పెట్టి, "ప్రార్థన ఎవురు సేసినారు?" అంది. "ఇది నా గజ్జి గదా."

లోపల కూర్చుని పుస్తకం మొత్తం తిరగేశాను. నునుపైన కాగితం. వేపాకు ముద్ద ఎలా నూరాలి, పసుపు ఎంత వేయాలి, తంగేడు పూల బొమ్మలు, నవ్వుతున్న ముసలమ్మల ఫోటోలు. వంక అన్న మాట ఎక్కడా లేదు. ఎనుములు దిగని నీళ్ళు లేవు. లెక్కకు కుదరని ఆ ఒక్క ఇల్లు కూడా లేదు. ఆఖరి పేజీలో, ఈ పుస్తకానికి సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెబుతూ వేసిన సంస్థల ముద్రల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీది ఉంది. ఆ కాగితం నుంచి కొత్త రంగు వాసన వస్తుంటే వంక గట్టు మీద పట్టుకున్న వికారమే మళ్ళీ పట్టుకుంది.

వేదిక మీద ఒక రోలు, వేపాకు పెట్టారు. పాలామెను పిలిచి, మందు నూరి చూపించమన్నారు. ముందు వరసలో దూర ప్రాంతాల అతిథులు ఉన్నారు కనుక ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పమని నన్ను పక్కన నిలబెట్టారు. ఆమె రోలు వైపు చూడలేదు. మైకు పట్టుకుంది.

"అది ముగ్గు కాదు సామీ. ముగ్గైతే మాకు ఇంతకన్నా బాగా ఏసేది వచ్చు. అది మా ఒంట్లో ఉండే రోగం లెక్క. ఫ్యాక్టరీ నీళ్ళు వంకలోకి వస్తాండాయి, వంక నీళ్ళు బాయిలోకి వస్తాండాయి, బాయి నీళ్ళు మా ఒంటి మింద పడతాండాయి. ఆ నీళ్ళు యాడ వాడతారో ఆడ రోగముండాది. అది సూపించేదానికే మేము గుమ్మానికి పూస్తిమి. మీరు దాన్ని పటం కట్టి పెట్టుకుంటిరి."

నేను ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్ కంగారుపడలేదు. చిరునవ్వుతో మైకు తీసుకుని, ఎంత అందమైన మనసు, ఎంత నిజాయితీ, ఈమెకు గట్టిగా చప్పట్లు కొట్టండి అంది. కొట్టారు! నిలబడి కొట్టారు. కొందరు ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. తిట్టినా బాగుండేది. మైకు లాక్కున్నా బాగుండేది. ఆ చప్పట్ల కింద ఆమె మాటలు ఎటు పోయాయో తెలియలేదు. పాలామె అయోమయంగా నా వైపు చూసి, "వాళ్ళకి అర్థమైందా?" అని అడిగింది.

"అయింది" అన్నాను. నాకు అదే అన్నిటికన్నా రోత.

భోజనాల దగ్గర అందరికీ మామిడి రసం ఇచ్చారు. ఆ ఫ్యాక్టరీదే. కప్పు ముక్కు దగ్గరికి రాగానే తీపి వాసన తగిలింది, క్రాసులో బస్సు దిగితే మొదట వచ్చే ఆ వాసన. కప్పు కింద పెట్టేసి పరిగెత్తాను. తిరిగొచ్చి చూస్తే పాలామె తన రసం తాగేసి, నాది కూడా తాగుతోంది.

"ఎలా తాగుతున్నావు తల్లీ?" అన్నాను.

"దప్పికగా ఉండాది. కాయేం తప్పు సేసింది?" అంది మూతి తుడుచుకుంటూ.

చేతులు కడుక్కునే చోట మేడమ్ కనిపించింది. "మీరు కొంచెం ఆవేశపడ్డారు. ఫ్యాక్టరీ గురించి రాస్తే పుస్తకమే బయటికి రాదు. వాళ్ళ జ్ఞానానికి ఈ గౌరవమైనా దక్కింది కదా" అంది.

"వాళ్ళ జ్ఞానం ఫ్యాక్టరీ గురించే మేడమ్" అన్నాను.

ఆమె నా భుజం తట్టి, సంచిలోంచి శానిటైజర్ సీసా తీసింది. ఆ తర్వాత నా ఉద్యోగం పొడిగించలేదు. పొడిగించినా చేసేదాన్ని కాదేమో. ఆ మాట మాత్రం ఇప్పుడు సులువుగా అనగలుగుతున్నాను.

ఆడవాళ్ళు నాలా ముక్కు మూసుకుని కూర్చోలేదు. తోటాయన కోడలికి ఒక ఆలోచన వచ్చింది. ఫ్యాక్టరీలో మళ్ళీ కాయలు ఆడటం మొదలై దురదలు తిరిగొచ్చాక, ఆ పుస్తకాన్నే పట్టుకుని, సోమవారం అర్జీలు తీసుకునే చోటికి అందరూ కలిసి వెళ్ళారు. ఉద్యోగం లేకపోయినా నేనూ వెళ్ళాను. అధికారి పుస్తకం చూసి, బాగుందమ్మా మీ కళ అన్నాడు. కోడలు గాజులు పైకి జరిపి చెయ్యి ఆయన బల్ల మీద పెట్టింది. "ఇది సార్ మా కళ. అట్ట మింద బొట్టు ఉండాది సూడండి, అట్లాంటి బొట్టు మా గుమ్మానికీ ఉండాది. నా బొట్టు అంటే ఈ సెయ్యి. నా పక్కన ఇంకో బొట్టు, నా బిడ్డ." ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. అంటుకుంటుందని భయపడ్డాడని నేననుకున్నాను. కానీ అర్జీ తీసుకున్నాడు.

అధికారులు వచ్చి వంక నీళ్ళు, బావి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. కొన్ని వారాలకు ఫ్యాక్టరీవాళ్ళు లావు గొట్టం ఒకటి పూడ్చడం మొదలుపెట్టారు. ఆ గొట్టం ఈ ఊరి వంకను దాటించి, నల్ల నీళ్ళను దిగువ ఊరి చెరువు కాలువలోకి తీసుకుపోయింది. వానలు పడ్డాక వంక బావి తేటపడింది. కింది వీధివాళ్ళ కాళ్ళు మానాయి. ఎనుము వంకలోకి దిగింది. పై వీధిలో తోటాయన తన మాట వల్లే ఫ్యాక్టరీ దారికొచ్చిందని చెప్పుకున్నాడు. సమస్య తీరిందని ఊళ్ళో చాలామంది అనుకున్నారు. ఒక ఊరి మీద ఉమ్మి పక్క ఊరి మీద తుడిచినట్టుంది నాకు. నా ముఖం చూసి, మాకు మంచి జరిగితే నీకు బాధేంది అని ఒకరు మొహం మీదే అడిగారు.

పాలామె అలా అనలేదు. దిగువ ఊళ్ళో ఆమె చిన్నమ్మ కూతురి కాపురం. తానే అక్కడికి నడిచిపోయి, "ఇట్లా నీళ్ళు మీ కాలవలోకి వస్తాండాయి, పిలకాయల్ని దిగనీబాకండి" అని చెప్పింది. అక్కడివాళ్ళు మొదట ఆమెను నానా మాటలన్నారు. మీ గబ్బు మాకు అంటగట్టి, మళ్ళీ బుద్ధులు చెప్పేదానికి వచ్చినావా అన్నారు. ఆమె ఆ మాటలన్నీ పడింది. "వాళ్ళన్నదాంట్లో తప్పేముండాది?" అని నాతో అంది. మళ్ళీ వెళ్ళింది. చిన్నమ్మ కూతురి చేతులకు దురద మొదలయ్యాక వాళ్ళే ఆమెకు కబురు పంపారు.

పోయిన మామిడి కాలంలో మొదటి కాయల ట్రాక్టర్లు వచ్చిన రోజు రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. తోటాయన ట్రాక్టరు కూడా ఆ వరసలో ఆగిపోయింది. ఎండకు కాయలు మగ్గిపోతున్నాయని ఆయన కేకలు వేశాడు. ఆయన కోడలు గేటు ముందరే కూర్చుని ఉంది, లేవలేదు. పోలీసులు వచ్చారు, బతిమాలారు, బెదిరించారు. సాయంత్రానికి ఫ్యాక్టరీ మేనేజరు బయటికి వచ్చి, నీళ్ళు శుభ్రం చేసే గుంతలు తవ్విస్తామని, అప్పటిదాకా మడ్డిని ట్యాంకర్లలో తీసుకెళ్ళి తమ సొంత స్థలంలోనే ఎరువు చేస్తామని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ట్యాంకర్లు తిరిగినన్నాళ్ళు దిగువ కాలువలో కంపు తగ్గింది. పూర్తిగా పోలేదు.

మొన్న నేను వెళ్ళినప్పుడు గుంతలు చూశాను. తవ్వారు, గోడలు కట్టారు. యంత్రాలు రాలేదు. గుంతల్లో వాన నీళ్ళు నిలబడి, దోమలు ముసురుతున్నాయి. అక్కడి నుంచి చేని గట్టున ఉన్న పాలామె దగ్గరికి వెళ్ళి అడిగాను.

"మిషన్లు వస్తాయంటమ్మా. ఆర్డరు ఇచ్చినారంట" అంది గడ్డి కోస్తూ.

"రాకపోతే?"

"మళ్ళా గేటు కాడ కూసుంటాము. దిగువూరోళ్ళతో సెప్పే పెట్టినా" అని, కొడవలి పక్కన పెట్టి గడ్డి మోపు నా తలకు ఎత్తింది. "ఈ మోపు కొట్టం దాకా పట్టుకో. నేను ఇంగోటి తెస్తా."